నలభై ఒకటో ట్యూబు

విదేశాల్లో మెడిసిన్ సీటు కోసం తిరుగుతున్న పిల్లలు, వాళ్ళకంటే ఎక్కువగా వాళ్ళ తల్లులు, ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మధ్యలో ఒక ఏడాది రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరితే ఏమైనా ఉపయోగం ఉంటుందా అని. ఖతార్‌లో ఇరవై ఏడేళ్ళు నర్సుగా చేసి, అందులో చివరి ఎనిమిదేళ్ళు ఒక ఆసుపత్రి పరిశోధన విభాగంలో గడిపి రిటైరయ్యాను కాబట్టి నా దగ్గర జవాబు తయారుగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఉపయోగం ఉంటుందనే చెబుతాను. సర్టిఫికెట్ వస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నాలుగు మాటలు దొరుకుతాయి. అదృష్టం బాగుంటే ఏదో పరిశోధన పత్రంలో పదిహేడో పేరుగా మీ పేరు పడుతుంది. అసలు ఉపయోగం ఏమిటో మాత్రం నేను ఒక వేసవి ఆదివారం నాడు తెలుసుకున్నాను. ఆ రోజు నేను మెచ్చుకోదగినట్టు నడుచుకోలేదు. బహుశా అందుకే ఇంత బాగా గుర్తుంది.

ఆ ఏడాది మా విభాగంలో చేరిన అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. తండ్రిది జగిత్యాల దగ్గర పల్లె. ఖతార్‌కి కూలీగా వచ్చి, ఏసీల పని నేర్చుకుని, సూపర్‌వైజరై, అల్ వక్రాలో రెండు గదుల ఇల్లు తీసుకుని భార్యాబిడ్డల్ని తెచ్చుకున్నాడు. అమ్మాయి చదువంతా దోహాలోనే సాగింది. మొదటిసారి అక్కడి మెడికల్ కాలేజీలో సీటు రాలేదు. మరుసటిసారి ఇంటర్వ్యూకి వెళ్ళాలంటే మా పెద్ద డాక్టరు ఇచ్చే సిఫారసు ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం కోసమే చేరానని మొదటిరోజే నాతో చెప్పేసింది. దాపరికం లేని పిల్ల అనుకుని నవ్వుకున్నాను. నలుగురిలో నన్ను 'సిస్టర్' అనేది. ఇద్దరమే ఉంటే 'ఆంటీ'.

మా పని ఇది. ఎండలో పనిచేసే సైటు మనుషుల కిడ్నీలు ఎలా ఉంటున్నాయో కనుక్కోవడం. సెలవు రోజుల్లో లేబర్ క్యాంపులకు వెళ్ళి, ఒప్పుకున్నవాళ్ళకు నంబర్లిచ్చి, ప్రశ్నలడిగి ఫారం నింపి, రక్తం తీసుకుని రావాలి. ప్రశ్నలు అమ్మాయివి, సూది నాది.

నాది కృష్ణా జిల్లా. నా తెలుగు వినగానే ఆ నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల మనుషులు నిటారుగా సర్దుకుని కూర్చునేవారు. "నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా?" అని సూది గుచ్చేముందు నేనూ ఒకసారి అడిగితే, పంతులమ్మకు చెప్పినట్టు "లేదు మేడం" అనేవారు. అమ్మాయి స్టూలు దగ్గరికి లాక్కుని అడిగేది.

"అన్నా, నడుము నొస్తె ఏం జేస్తవ్?"

"ఏం జేస్త చెల్లె, గోలి ఏసుకుంట."

"ఎన్ని?"

"పొద్దుగాల ఒకటి, పండుకునేటప్పుడు ఒకటి. ఎండ ఎక్కువుంటె ఇంకోటి."

మనిషి మారలేదు, ప్రశ్నా మారలేదు. నా కాగితం మీద 'లేదు' అని పడేది, ఆమె కాగితం మీద రోజుకు మూడు అని పడేది. నేను పాతికేళ్ళ అనుభవం మీద గర్వంగా కూర్చున్నదాన్ని కాబట్టి దీన్ని యాస మహిమ అనుకుని ఊరుకున్నాను.

ఇక స్టిక్కర్ల సంగతి చెప్పాలి. రక్తం తీసిన తర్వాత, ఆ మనిషి ఎదురుగానే, అతని పేరూ ఇంటిపేరూ నంబరూ అడిగి, అప్పుడు ట్యూబు మీద స్టిక్కరు అంటించాలి. ఇది రూలు. నేను రూలు మార్చాను. ముందే స్టిక్కర్లు అంటించి వరసగా ర్యాక్‌లో పెట్టుకుంటే మనిషికి రెండు నిమిషాలు మిగులుతాయి. అమ్మాయి మొదటి వారంలోనే అడిగింది, "తీసినంకనే అంటియ్యాలని రాసుంది గదా ఆంటీ?" అని.

"పుస్తకంలో అన్నీ రాసి ఉంటాయి. బయట నలభైమంది నిలబడి ఉన్నారు, చూడు" అన్నాను.

ఆమె అంటించింది.

ఆ శుక్రవారం క్యాంపు భోజనాల హాల్లో కూర్చున్నాం. వాళ్ళకు వారానికి దొరికే ఒక్క సెలవు అది. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి వీడియో కాల్ చేసుకోవాలి, ఎవరికీ ఓపిక లేదు. నాకూ లేదు. వరసలో ఒకే పేరున్న ఇద్దరు పక్కపక్కన పడ్డారు. ఇంటిపేర్లు వేరు. పేరు రాయను. ఆ జిల్లాల్లో ఆ పేరుగలవాళ్ళు వీధికి ఇద్దరుంటారు. నలభై ఒకటో నంబరు అతనికి ఇంటి నుంచి ఫోన్ వస్తే బయటికి వెళ్ళాడు. నేను కాగితం చూసి పేరు పిలిచాను. "నేనే మేడం" అంటూ నలభై రెండో అతను వచ్చి చెయ్యి చాపాడు. అబద్ధం చెప్పలేదు, అతని పేరూ అదే. ర్యాక్‌లో ముందున్నది నలభై ఒకటో ట్యూబు. అతని రక్తం అందులో తీశాను. కాసేపటికి మొదటి అతను ఫోన్ జేబులో వేసుకుంటూ వచ్చి కూర్చున్నాడు. అతని రక్తం నలభై రెండో ట్యూబులో పడింది.

ఇదంతా నాకప్పుడు తెలియదు. తర్వాత కూడగట్టుకున్నది రాస్తున్నాను. ఫారాల బల్ల దగ్గర్నుంచి అమ్మాయి మాత్రం ఏదో తేడా గమనించింది. "సిస్టర్, ఒక్క నిమిషం..." అంది.

"యల్లా, యల్లా! త్వరగా కానీ. ఏదన్నా ఉంటే తర్వాత" అన్నాను.

తర్వాత నేనూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

శుక్ర, శనివారాలు మా ఆఫీసుకు సెలవు. శుక్రవారమే మిషనులో తిప్పి సీరం వేరుచేసి దాచిన శాంపిళ్ళను ల్యాబువాళ్ళు ఆదివారం పొద్దున పరీక్షకు పెట్టారు. పదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. నలభై ఒకటో నంబరుకి పొటాషియం ఏడు దాటింది. రక్తంలో ఉండే ఈ లవణం ఐదున్నర దగ్గరే మేం జాగ్రత్తపడతాం. ఏడు దాటిందంటే గుండె ఏ నిమిషంలోనైనా లయ తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు. పైగా ఆ రక్తం తీసి రెండు రోజులైంది.

"రక్తకణాలు చితికి తప్పుగా చూపిస్తోందేమో" అన్నాను. మనవైపు తప్పు లేదని అనుకోవడానికి మనసు ముందుగా వెతుక్కునే దారి అది.

"శాంపిల్ శుభ్రంగా ఉంది సిస్టర్. కిడ్నీ రిపోర్టు కూడా బాగా లేదు, చూడండి" అన్నాడు ల్యాబతను.

నలభై ఒకటో అతనికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"మంచిగున్న మేడం. ఇప్పుడే తిన్న. ఏమైంది?"

"ఏం లేదు, ఇంకోసారి పరీక్ష చెయ్యాలి. మా బండి వస్తుంది, ఎక్కి ఆసుపత్రికి వచ్చెయ్యి."

గొంతులో నీరసం లేదు, ఆయాసం లేదు. మనసు కొంచెం కుదుటపడింది. కుదుటపడకూడదని అప్పుడే తోచి ఉండాల్సింది.

మా పెద్ద డాక్టరు సుడాన్ దేశస్థుడు, కిడ్నీల నిపుణుడు. గొంతు పెంచని మనిషి. ఆయనతో మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. రిపోర్టు చూసి, "వస్తున్నాడుగా. రాగానే ఈసీజీ తీసి, రక్తం మళ్ళీ పంపుదాం. గంటన్నరలో తేలిపోతుంది" అన్నారు. నేను తలూపాను.

ఫైళ్ళు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి అప్పుడు మాట్లాడింది.

"సర్, అతను కాకపోవచ్చు."

డాక్టరు తలెత్తారు.

"నలభై ఒకటో అతను ఏ మాత్రలూ వాడడు సర్. అదే పేరున్న నలభై రెండో అతను నొప్పి మాత్రలు రోజుకు మూడు మింగుతాడు. నేనే రాశాను. కానీ నలభై రెండు రిపోర్టు ఏ దోషమూ లేకుండా వచ్చింది, నలభై ఒకటిది ఇలా వచ్చింది. ఆ రోజు వాళ్ళు వరస మారి కూర్చున్నారేమోనని నాకు అనుమానం. ఆ నిమిషంలోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

"వరస మారితే మాత్రం? పేరు, నంబరు అడిగి కదా స్టిక్కరు అంటించేది?"

అమ్మాయి ఫైళ్ళు బల్ల మీద పెట్టింది. "స్టిక్కర్లు ముందే అంటించి ఉన్నాయి సర్."

"ఎవరు అంటించారు?"

"నేనే."

అది నిజమే. ఆమె చేతులే అంటించాయి. ఎవరు అంటించమన్నారని డాక్టరు అడగలేదు. ఆమె చెప్పలేదు, నా వైపు చూడనైనా లేదు. నేను చెప్పాలి. రిటైర్మెంట్‌కి ఇంకా రెండేళ్ళుంది. ఈ ఒక్క మాటతో నా పాతికేళ్ళ పేరు ఏమవుతుందోనన్న లెక్క బుర్రలో గిర్రున తిరిగింది. చేతిలో ఉన్న ఫైలు దారం విప్పి, మళ్ళీ ముడి వేశాను. అంతే చేశాను.

డాక్టరు రిపోర్టు పక్కన పెట్టారు. "ఈ సంగతి తర్వాత. ఇప్పుడు ఇద్దరూ కావాలి. నలభై రెండు ఎక్కడున్నాడు?"

అతని ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. క్యాంపుకి చేస్తే ఫోర్‌మన్ ఎత్తాడు. శనివారం పొద్దున పాతికమందిని దుఖాన్ వైపు కొత్త సైటుకి పంపారట, అందులో ఇతను ఉన్నాడట. సైటు ఎక్కడో తనకు సరిగా తెలియదట. "మాఫీ ముష్కిల్ మేడం, ఆద్మీ ఠీక్ హై, కల్ తో హస్‌తా హువా గయా" అన్నాడు. ఏం భయం లేదు, నిన్న నవ్వుతూనే వెళ్ళాడని. కంపెనీ ఆఫీసులో ఎవరో ఎవరికో ఫోన్ చేస్తామన్నారు. ఎక్కడున్నాడో తెలియని మనిషి కోసం అంబులెన్స్‌ని ఎక్కడికి పంపాలి?

"మీరు ఆ దారిలో బయల్దేరండి. చోటు తెలిసిన క్షణాన అంబులెన్స్‌కి చెప్పండి. నలభై ఒకటిని నేను చూసుకుంటాను" అన్నారు డాక్టరు.

ఆసుపత్రి బండి నడిపే అతను పెషావర్ వైపు మనిషి. దుఖాన్ రోడ్డు ఎక్కగానే మా మొహాలు చూసి ఏమీ అడగకుండా వేగం పెంచాడు. కెమెరా వచ్చిన చోటల్లా "ఆగే రాడార్ హై సిస్టర్" అని క్షమాపణ చెబుతున్నట్టు తగ్గించేవాడు. ఎనభై కిలోమీటర్ల దారి. అటూ ఇటూ ఎండకు తెల్లబడ్డ నేల. అమ్మాయి వెనక సీట్లో కూర్చుని ఆ నంబరుకి చేస్తూనే ఉంది. పదకొండోసారి కూడా ఎత్తకపోయేసరికి ఫోన్ దించి, వాళ్ళ నాన్నకు చేసింది.

"బాపూ, దుఖాన్ దిక్కు మనోళ్ళు ఎవలన్న ఉన్నరా? నిన్న కొత్తగ అచ్చిన బ్యాచి... అర్జెంటు బాపు. మీ వాట్సాప్ గ్రూపుల అడుగు."

"జబ్బు సంగతి చెప్పకు" అన్నాను. పరిశోధనలో చేరిన మనిషి రిపోర్టు ఊరందరికీ చెప్పేది కాదు.

"తెలుసు ఆంటీ" అని, ఫోన్‌లో, "ఎందుకని అడిగితె దవాఖానల పనిజేసే చెల్లె ఫోన్ జెయ్యమన్నదని చెప్పు. గంతే" అంది.

ఆ తర్వాత పన్నెండు నిమిషాలు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను కాబట్టి తెలుసు. ఆమె ఒళ్ళోని ఫోన్‌నే చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"దవాఖాన చెల్లెవు నువ్వేనా? ఎవలు గావాలె?"

పేరూ ఇంటిపేరూ రెండూ చెప్పింది.

"ఆఁ, నా పక్కకే పండుకున్నడు. ఎండ రెస్టు గదా, షెడ్డుల ఉన్నం."

"లేపన్నా. జెర ఫోన్ ఇయ్యి."

"లేపినం చెల్లె, నిలవడుత లేడు. కాళ్ళల్ల సత్తువ లేదంటున్నడు. పొద్దుగాల బస్సు దిగేటప్పుడు గూడ తూలిండు. ఎండదెబ్బ అనుకున్నం."

"ఉచ్చ పోసిండా ఇయ్యాల?"

అవతల ఏదో గొణుగుడు వినబడింది. "నిన్నటికెల్లి సరిగ వస్తలేదంట."

"గుండె ఎట్లున్నదంటున్నడు?"

"దడదడ అంటదంట, నడుమ నడుమ ఆగినట్టైతదంట. భయం లేదులే చెల్లె, కొబ్బరినీళ్ళ డబ్బాలు తెచ్చినం. ఒకటి తాపినం, ఇంకోటి తాపుతున్నం."

కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఫోన్ లాక్కున్నాను. "తాపొద్దు! ఆపండి! ఒక్క చుక్క కూడా తాపొద్దు!" అని అరిచాను. పొద్దున డాక్టరు గదిలో రాని గొంతు ఇక్కడ మా డ్రైవరు ఉలిక్కిపడేంత గట్టిగా వచ్చింది.

నా అరుపుకి వాళ్ళు బెదిరిపోయారు. అమ్మాయి ఫోన్ నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"అన్నా, ఆమె మా పెద్ద సిస్టర్. మంచికే చెప్తున్నది. జెర ఇనుర్రి. కొబ్బరినీళ్ళు తాపకుర్రి, గోలీలు ఇయ్యకుర్రి, నడిపియ్యకుర్రి. పండవెట్టే ఉంచుర్రి. మీరున్న జాగ లొకేషన్ నాకు పంపు. ఫోన్ పెట్టెయ్యకు, లైన్లనే ఉండి పంపు."

లొకేషన్ వచ్చింది. నేను నా ఫోన్‌లో అంబులెన్స్‌కి చెప్పాను. మేము చేరడానికి ఇంకా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ అమ్మాయి ఆ లైన్ వదల్లేదు. "మాట్లాడిస్తున్నరా? ఏమంటున్నడు?" అని నిమిషానికోసారి అడుగుతూనే ఉంది. ఒకసారి అవతల నుంచి జవాబు రాలేదు. మూడుసార్లు "అన్నా, అన్నా" అన్నది. ఆమె చెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. "ఆఁ చెల్లె, ఉన్నడు ఉన్నడు. అంబులెన్స్ అచ్చింది, దారి జూపియ్య పోయిన" అన్న గొంతు వినబడ్డాకే ఆ పట్టు వదిలింది.

మేము వెళ్ళేసరికి అతన్ని స్ట్రెచర్ మీదికి చేర్చి, ఛాతీకి వైర్లు తగిలించి ఉన్నారు. ఈసీజీ కాగితం మీద గీతలు సూదిమొనల్లా పైకి లేచి ఉన్నాయి. చదవడం వచ్చినవాళ్ళకి ఆ ఆకారం చూస్తే ఒళ్ళు చల్లబడుతుంది. గుండెను కాపాడే మందు అక్కడే నరానికి ఎక్కిస్తున్నారు. ఏ మందులు వాడుతున్నాడని అంబులెన్స్ అతను అడిగాడు. మనిషి కళ్ళు తెరిచి అమ్మాయిని గుర్తుపట్టాడు.

"చెల్లె... గోలీల సంగతి చెప్తె కంపెనోళ్ళు ఇంటికి తోలిస్తరా?"

షెడ్డులో ఉన్న పాతికమందీ ఆ జవాబు కోసమే చూస్తున్నట్టు అనిపించింది. నేనైతే 'తోలించరులే' అని అనేసి ఉండేదాన్ని. నర్సులకు అలాంటి చిన్న అబద్ధాలు నోటికి అలవాటు.

"గది నాకు తెల్వదన్నా" అంది అమ్మాయి. "గని చెప్పకపోతె పానం మీదికొస్తది. నేను చెప్పనా?"

అతను కళ్ళు మూసుకుని తలూపాడు. ఆమె మందు పేరు, రోజుకెన్ని, ఎన్నాళ్ళ నుంచి, అన్నీ చూడకుండా చెప్పింది.

అంబులెన్స్ కదిలాక నా ఫోన్ చూసుకున్నాను. డాక్టరు సందేశం వచ్చి ఉంది. నలభై ఒకటో అతని రక్తంలో ఏ దోషమూ లేదు. అంటే ఆ ఫలితం వచ్చేదాకా మేము ఆసుపత్రిలోనే కూర్చుని ఉంటే, అప్పుడు మొదలుపెట్టేవాళ్ళం ఈ మనిషి కోసం వెతకడం. అప్పటికి రెండో కొబ్బరినీళ్ళ డబ్బా, మూడోదీ అయిపోయి ఉండేవి.

అతనికి ఆ మధ్యాహ్నమే డయాలసిస్ చేశారు. బతికాడు.

తిరుగు ప్రయాణంలో సగం దారి దాటాక అడిగాను. "నేను ఎందుకు నోరు విప్పలేదో అడగవా?"

"ఇప్పుడు వద్దు ఆంటీ. ఇప్పుడడిగితె ఏమంటనో నాకే తెల్వదు" అంది. తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకుంది. మొహమంతా దుమ్ము. పంతొమ్మిదేళ్ళ పిల్ల.

జరిగినదాని మీద పరిశోధనల్ని పర్యవేక్షించే కమిటీకి నివేదిక రాయాల్సింది నేనే. సోమవారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. 'తప్పు ఎలా జరిగింది' అన్న గడిలో, 'అసిస్టెంటు స్టిక్కర్లను ముందుగా అంటించడం వల్ల' అని రాశాను. రాసి చదువుకున్నాను. ఒక్కో మాటా నిజం. మొత్తం కలిపితే అబద్ధం. పాతికేళ్ళలో ఇలాంటి వాక్యాలు ఇంకెన్ని రాశానోనని మొదటిసారి అనుమానం వచ్చింది. కొట్టేశాను. 'నా ఆదేశం మీద, నియమానికి విరుద్ధమని అసిస్టెంటు గుర్తుచేసినా వినకుండా' అని రాసి, శుక్రవారం ఆమె ఆపబోతే నేను కసిరిన సంగతి కూడా చేర్చి, కాగితం తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "నిన్న మీరు ఈ గదిలోనే ఉన్నారు" అన్నారు.

"ఉన్నాను సర్."

"నేను ఆ పిల్లకి ఉత్తరం ఇవ్వకూడదని నిన్న రాత్రి నిర్ణయించుకున్నాను, తెలుసా?"

కేకలు వేసి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "భయమా?" అని అడిగారు.

"భయమే సర్."

"ఆమెకు లేదా?"

ఉంది. నాకంటే ఎక్కువే ఉండాలి. నాకు పోయేది పేరు. ఆమెకు పోయేది ఇంకా మొదలవని జీవితం. ఆ భయంతోనే తలుపు దగ్గర నిలబడి, ఆ భయంతోనే మాట్లాడింది. నన్ను ఆ పరిశోధన నుంచి తప్పించి ఫైళ్ళ గదికి పంపారు. చివరి రెండేళ్ళూ అక్కడే గడిపాను. వీడ్కోలు సభలో నా 'క్రమశిక్షణ' గురించి ఒకరు మాట్లాడితే, డాక్టరు టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయారు.

ఉత్తరం ఆయన ఇచ్చారు. ఇంటర్వ్యూ అయిన సాయంత్రం అమ్మాయి నాకు ఫోన్ చేసింది. మీ పనిలో జరిగిన ఒక పొరపాటు చెప్పమన్నారట. చెప్పిందట. వాళ్ళలో ఒకావిడ, "మరి మీ పై అధికారి ఒప్పుకున్నారా?" అని అడిగిందట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"ఒక రోజు లేటుగ ఒప్పుకున్నరని చెప్పిన ఆంటీ. ఉన్నదే చెప్పిన."

సీటు వచ్చింది. ఇప్పుడు మూడో ఏడు చదువుతోంది. ఆ ఏడాది పని ఆమెకు నేర్పింది ఏమిటని మీరడిగితే, రక్తం తిప్పే మిషను వాడటం, అంకెల పట్టికలు వెయ్యడం అని చెబుతుంది, అంత గడుసుది. నేనైతే ఆ తలుపు దగ్గర ఆమె నిలబడ్డ చోటు చూపిస్తాను.

ఒకటి మాత్రం చెప్పి ముగిస్తాను. ఆ వారంలోనే గురువారం నాడు, నేనూ అమ్మాయీ వార్డుకి వెళ్ళాం. జరిగింది అతనికి చెప్పాలి, చెప్పడం మా బాధ్యత. అతను దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళలోకి సత్తువ వచ్చిందన్నాడు. ఈసారి నేనే మాట్లాడతానని అమ్మాయికి ముందే చెప్పాను. ట్యూబులు తారుమారయ్యాయని, అది నా వల్లేనని, అందువల్ల మొదట వేరే మనిషిని పిలిపించామని, నీ దగ్గరికి రావడానికి ఆలస్యమైందని, నా కృష్ణా జిల్లా తెలుగులో, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాను. క్షమించమని అడిగాను. అతను చివరిదాకా విన్నాడు. చేతికున్న పట్టీని వేలితో సవరించుకున్నాడు. తిడతాడని, కంపెనీకి చెబుతానంటాడని, కనీసం మొహం తిప్పుకుంటాడని సిద్ధపడి నిలబడ్డాను.

"అయితె మేడం," అన్నాడు, "నా పేరుగల్ల గాయిన... ఆయినకేం గాలేదు గదా? మంచిగనే ఉన్నడా?"

నాకంటే ముందే అమ్మాయి మంచం అంచున కూర్చుని, "మంచిగున్నడన్నా" అంది.